డీజిల్ బండి గట్టిదేనా? ఆరు లక్షల్లో కారు అడిగిన నల్లగొండ తమ్ముడికి

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. నల్లగొండలో ఇల్లు. దేవరకొండ రోడ్డులో 22 కిలోమీటర్ల దూరంలో బడి, టీచరు ఉద్యోగం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మ. చేతిలో ఆరు లక్షలు. తెలిసినవాళ్ళ 2017 డీజిల్ బ్రెజా 92 వేల కిలోమీటర్లు తిరిగింది, 6 లక్షల 20 వేలు చెప్తున్నారు. ఇంకొకటి 2020 పెట్రోల్ స్విఫ్ట్, 38 వేలు తిరిగింది, 4 లక్షల 90 వేలు. ఈ రెండూ కాకపోతే కొంత లోను పెట్టి కొత్త చిన్న కారు. నాన్న మాత్రం "డీజిల్ బండి గట్టిది, అదే తీసుకో" అంటున్నారట.

తమ్ముడూ, నాది బ్యాంకు ఉద్యోగం. నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి, గద్వాల తిరిగి మళ్ళీ నల్లగొండకే వచ్చాను. ఇరవై రెండేళ్ళలో ఐదు బండ్లు మార్చాను, అందులో రెండు కొన్నందుకు ఏడ్చి మరీ అమ్మాను. కారు లోన్లు ఇచ్చే బల్ల వెనక ఆరేళ్ళు కూచున్నా. బండి కొన్నరోజు మిఠాయి డబ్బాతో వచ్చినవాళ్ళే మూడో ఏడు వచ్చి "సార్, బండి అమ్మి లోను కట్టేద్దామనుకుంటున్నా" అనడం చాలాసార్లు విన్నాను. వాళ్ళలో ఎక్కువమంది చేసిన తప్పు ఒకటే. తమ బండి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో లెక్క వేసుకోకుండా, పక్కింటివాడి బండి చూసి కొన్నారు.

నాన్నగారి మాట తీసిపారేయకు. ఆయన చూసిన రోజుల్లో అది నూటికి నూరుపాళ్ళు నిజం. 2012 ప్రాంతంలో పెట్రోలుకూ డీజిల్‌కూ మధ్య లీటరుకు పాతిక ముప్పై రూపాయల తేడా ఉండేది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక ఆ తేడా కరిగిపోయింది. 2025లో మన దగ్గర బంకులో పెట్రోలు 107, డీజిల్ 95 చుట్టూ ఉన్నాయి. అంటే పన్నెండు రూపాయలు.

ఇప్పుడు నీ లెక్క వేద్దాం. బడికి రానూపోనూ 44 కిలోమీటర్లు. పనిదినాలు 220 అనుకుంటే 9,700. నెలకోసారి హైదరాబాదు, రెండు వందల చొప్పున 2,400. పెళ్ళిళ్ళు, పండగలు, అత్తగారిల్లు కలిపి మొత్తం 14 వేలు అనుకో. పెట్రోల్ బండి లీటరుకు 18 ఇస్తే ఏడాదికి సుమారు 83 వేల రూపాయల పెట్రోలు. డీజిల్ 21 ఇస్తే 63 వేలు. అంటే ఇరవై వేలు మిగులుతాయి. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ డీజిల్ బండి సర్వీసుకు ఏడాదికి ఐదు వేలు ఎక్కువవుతుంది, మిగిలేది పదిహేను వేలు. రెండు బండ్ల ధరల మధ్య తేడా లక్షా ముప్పై వేలు. అది తిరిగి రావాలంటే ఎనిమిదిన్నరేళ్ళు పడుతుంది. 2017 బండికి 2032లోనే పదిహేనేళ్ళు నిండుతాయి, ఆర్‌సీ రెన్యువల్‌కు పోవాలి. ఇంతలో ఒక్క ఇంజెక్టరో, టర్బోనో, క్లచ్ సెట్టో పోయిందంటే రెండు మూడేళ్ళు మిగిల్చింది ఒక్క బిల్లులో పోతుంది.

మిల్లు పని మీద రోజూ మిర్యాలగూడ నుంచి గుంటూరు దాకా పోయొచ్చేవాడు అడిగితే డీజిలే కొనమంటాను. ఏడాదికి పాతిక వేలు దాటితే ఆ లెక్క వేరు.

ఇంజను మటుకు మంచిదే, అబద్ధం చెప్పను. బ్రెజాలో ఉన్నది ఫియట్ 1.3 లీటర్ల డీజిల్, 1248 సీసీ. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, ఇలా ఒక కాలంలో సగం బండ్లలో అదే ఉండేది. అందుకే హాలియా నుంచి అచ్చంపేట దాకా ఏ షెడ్డులో ఆపినా దాన్ని విప్పి బిగించగలిగే మెకానిక్ ఉంటాడు. 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యం తగ్గించే బీఎస్-6 నిబంధన వచ్చినప్పుడు మారుతీ డీజిల్ కార్లే మానేసింది. కొత్త బీఎస్-6 డీజిల్ ఏదైనా చూస్తున్నట్టయితే ఇంకో మాట. పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది తనలోని మసిని తాను కాల్చుకోవాలంటే బండి కాసేపు ఆగకుండా వేగంగా పోవాలి. క్లాక్ టవర్ నుంచి బస్టాండు, బస్టాండు నుంచి ఇల్లు తిరిగేవాళ్ళ చేతిలో అది నిండిపోయి మీటరులో లైటు వెలుగుతుంది. పట్టణంలో తిరిగేవాళ్ళు డీజిల్ జోలికి పోకపోవడమే మంచిది.

ఇక్కడిదాకా చదివి స్విఫ్ట్ కొనుక్కోమంటున్నాననుకోకు. ఆ తరం స్విఫ్ట్‌కు 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ పెట్టిన ఢీకొట్టే పరీక్షలో వచ్చినవి ఐదుకు రెండు నక్షత్రాలు. అదే ఏడాది బ్రెజాకు నాలుగు వచ్చాయి. అయితే ఆ పరీక్షకు పెట్టిన బండిలో రెండు ఎయిర్‌బ్యాగులున్నాయి. 2017 బ్రెజాలో రెండో ఎయిర్‌బ్యాగూ, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్సూ ఉన్నాయా లేవా అన్నది వేరియంటును బట్టి ఉంటుంది. ఏబీఎస్ అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. పాతది కొనేవాళ్ళకు నేను ఆ తేదీనే గీతగా గీసి చెప్తాను. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డులో రాత్రిపూట పొలం గట్టు మీంచి ట్రాక్టరు ఒక్కసారిగా రోడ్డెక్కినప్పుడు, బ్రేకు గట్టిగా తొక్కి కూడా స్టీరింగు తిప్పుకోగలగడం ఎంత అవసరమో నీకు నేను చెప్పక్కర్లేదు.

రెండోది అమ్మ మోకాళ్ళు. స్విఫ్ట్‌లో కూచోవడమంటే కిందికి దిగడం, లేవడమంటే పైకి ఎక్కడం. షోరూముకైనా అమ్మేవాడింటికైనా అమ్మను వెంట తీసుకుపో. వెనక సీట్లో కూచోబెట్టి, నువ్వు చెయ్యి ఇవ్వకుండా ఆమె అంతట ఆమె దిగేదాకా చూడు. ఏ రివ్యూలోనూ దొరకని సమాచారం ఆ అర నిమిషంలో దొరుకుతుంది. మా అత్తమ్మ నా మూడో బండిలో మూడేళ్ళు తిరిగింది. ఎక్కిన ప్రతిసారీ పైన పట్టుకునే పిడి మీద ఒంటి బరువంతా వేసేది. చివరికి ఆ పిడి ఊడి ఆమె చేతికే వచ్చింది. అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ. నీకు కావలసింది కాస్త ఎత్తున్న పెట్రోల్ బండి, 2019 తర్వాతది. పాతదైతే టాటా నెక్సాన్ పెట్రోలో, మహీంద్రా ఎక్స్‌యూవీ 300 పెట్రోలో వెతుకు. 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి మన దేశపు కారు నెక్సానే. మైలేజీ పదిహేను పదహారు దాటదు, అది ముందే తెలిసి కొను. కొత్తదైతే టాటా పంచ్ చూడు. తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది, సీటు ఎత్తుగా ఉంటుంది, దానికీ ఐదు నక్షత్రాలున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, ఆ తర్వాత దాని షోరూము ధర ఐదున్నర లక్షల దగ్గర మొదలవుతోంది. మన రాష్ట్రంలో ఐదు నుంచి పది లక్షల బండికి లైఫ్ ట్యాక్సు 14 శాతం. అదీ ఇన్సూరెన్సూ కలిపితే మొదటి వేరియంటే ఆరున్నర దాటుతుంది. నీ పేరు మీద ఇప్పటికే కారు ఉంటే ఇంకో రెండు శాతం కట్టాలి.

ఎలక్ట్రిక్ సంగతి నువ్వు అడగలేదు. కానీ రోజుకు 44 కిలోమీటర్లు, రాత్రికి సొంతింట్లో పార్కింగు అంటే దానికి పుట్టిన లెక్కే నీది. తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్సు లేదు కూడా. ధరే ఎనిమిది లక్షల చుట్టూ మొదలవుతుంది కాబట్టి నీ ఆరు లక్షలకు అందదు. రెండేళ్ళు ఆగగలిగితే అది వేరే ముచ్చట.

లోను తీసుకుంటే రెండు లక్షలకు మించకు. ఈ మాట లోన్లు ఇచ్చినవాడిగా చెప్తున్నా. ఐదు లక్షలు, ఐదేళ్ళు, పది శాతం వడ్డీ అంటే నెలకు 10,600 పైన. మొత్తం కట్టేది 6 లక్షల 37 వేలు. ఆ ఐదేళ్ళలో బండి విలువ సగానికి పడిపోతుంది.

ఇక పాతది చూసేటప్పుడు. నంబరు ప్లేటే సగం కథ చెప్తుంది. ఏపీ 24 అంటే 2014 జూన్‌కు ముందు మన జిల్లాలో రిజిస్టరైనది. తర్వాత టీఎస్ 05, 2024 మార్చి నుంచి టీజీ 05. మహబూబ్‌నగర్‌కు ఏపీ 22, ఆపైన 06. జిల్లాలు విడిపోయాక సూర్యాపేటకు 29, నాగర్‌కర్నూలుకు 31, వనపర్తికి 32, గద్వాలకు 33. ఏపీ 24 ప్లేటు ఉన్న బండి పక్కన నిలబడి "2016 మోడల్ సార్" అన్నవాడిని చూశాను. ఆయన చెప్పింది తాను కొన్న ఏడాది, బండి పుట్టిన ఏడాది కాదు.

మీటరును నమ్మకు. 2013లో నేను హైదరాబాదులో ఒక డీలరు దగ్గర డీజిల్ సెడాన్ కొన్నాను. మీటరు 52 వేలు చూపిస్తోంది. పాలిష్ కొట్టిన బానెట్టు అద్దంలా మెరుస్తోంది, లోపల మల్లెపూల సెంటు. నేను ఆ మెరుపే చూశాను. ఇంటికి తెచ్చిన వారానికి మా షెడ్డు మెకానిక్ తలుపు తీసి, లోపల కూచోకుండానే వంగి చూసి నవ్వాడు. "బ్రేకు పెడలు జూడు సార్." రబ్బరు మీద గీతలు అరిగి నున్నగా అరచేతిలా ఉంది. డ్రైవరు సీటు కుడి అంచు కుంగి స్పాంజి మెత్తబడింది. 52 వేలకు అంత అరగదు. కంపెనీ సర్వీసు సెంటర్లో నంబరు చెప్పి పాత రికార్డు తీయిస్తే, నేను కొనడానికి రెండేళ్ళ ముందే 1 లక్షా 18 వేలు. ఆ డీలరు దగ్గరికి మళ్ళీ పోతే "మేం కూడా ఇట్లనే కొన్నాం సార్" అన్నాడు. అంతే. అప్పటినుంచి నేను పెయింటు చూడను. పెడలు, స్టీరింగు, సీటు అంచు చూస్తాను, సర్వీసు రికార్డు తెమ్మంటాను. రికార్డు లేదన్నవాడు ధర తగ్గించినా కొనను.

ఇంకో ప్రమాదం మన జిల్లాకు ప్రత్యేకం. 2020 అక్టోబరులో హైదరాబాదులో కాలనీలకు కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు పొంగాయి. హైదరాబాదుకూ విజయవాడకూ మధ్య 65వ నంబరు హైవే మీద కూచున్నాం మనం. నీళ్ళలో నానిన బండ్లను కడిగి తుడిచి ఎక్కడో ఒకచోట అమ్ముతారు, ఆ ఎక్కడో మనకు దగ్గర్లోనే అయ్యే అవకాశం ఎక్కువ. పట్టుకోవడం కష్టమేం కాదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగు. బెల్టు పైభాగం ఎంత శుభ్రంగా ఉన్నా, ఎప్పుడూ బయటికి రాని ఆఖరు జానెడులో బురద చార కనిపిస్తుంది. స్టెప్నీ కింద గుంట, సీట్ల కింద పట్టాలు, బోల్టుల తుప్పు చూడు. ఏసీ ఆన్ చేసిన మొదటి నిమిషంలో మురుగు వాసన వస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్.

పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే పో. నువ్వు వెళ్ళేసరికే వేడెక్కించి పెట్టాడంటే అడగాల్సిన ప్రశ్న ఉన్నట్టే. కాగితాల సంగతి క్లుప్తంగా: పరివాహన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో నంబరు కొట్టి ఎన్నో ఓనరో, ఎప్పటి బండో చూడు, పెండింగు చలాన్లు చూడు. లోను ఉన్న బండైతే బాకీ లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించడానికి ఫారం 35. ట్రాన్స్‌ఫరుకు ఫారం 29, 30. "తర్వాత మార్చుకుందాం లే" అన్నవాడికి డబ్బు మొత్తం ఇవ్వకు. ఇన్సూరెన్సు కూడా నీ పేరు మీదికి మార్పించుకో. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పాత ఓనరుది, బండితో పాటు నీకు రాదు. వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకు.

ఇప్పుడు అసలు సంగతి, కొన్నాక చూసుకోవడం. ఇందులో మన దగ్గర మొదటి శత్రువు నీళ్ళు.

నల్లగొండ నీళ్ళ గురించి లోకానికి తెలుసు. ఫ్లోరైడును పటికా సున్నంతో తీసే పద్ధతిని నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేసి "నల్లగొండ టెక్నిక్" అని మన ఊరి పేరే పెట్టారు. ఆ పేరుకు గర్వపడాలో బాధపడాలో నాకిప్పటికీ తెలియదు. పళ్ళనూ ఎముకలనూ పాడుచేసేది ఫ్లోరైడు. రేడియేటరును చంపేది మాత్రం బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం. పప్పు ఉడకని నీళ్ళంటారే, అవి. 2016 మేలో కల్వకుర్తి నుంచి వస్తున్నా. కొండమల్లేపల్లి ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా వేడి చూపించే ముల్లు లేవడం మొదలైంది. ఏసీ ఆపాను. అయినా లేస్తోంది. అద్దాలు దించి హీటరు ఫుల్లుగా పెట్టాను. మధ్యాహ్నం రెండున్నరకు, ఎండాకాలంలో, వేడిగాలి మొహాన కొడుతుంటే మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కానీ ఇంజను వేడి కొంత ఆ దారిలో బయటికి పోతుంది, ముల్లు అక్కడే నిలబడింది. వేపచెట్టు కింద ఆపి, అరగంట బానెట్టు ముట్టుకోకుండా కూచున్నాం. వేడి మీద రేడియేటరు మూత తీసినవాళ్ళ చేతులు, మొహాలు కాలిన సంగతులు విన్నాను. నువ్వూ ఎప్పుడూ తీయకు.

కొండమల్లేపల్లి మెకానిక్ రేడియేటరు దించి, పక్క ట్యాంకు ఊడదీసి చూపించాడు. సన్నటి గొట్టాల మూతుల్లో తెల్లగా గార. నీళ్ళు కాచే గిన్నె అడుగున పేరుకున్నట్టే, గోటితో గీకితే పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. సగం గొట్టాలు మూసుకుపోయాయి. "ఇంజనుకు ఏం కాలే సార్. నీళ్ళే చంపినయ్ దీన్ని" అన్నాడు. తప్పు నాదే. రెండేళ్ళుగా కూలెంటు తగ్గినప్పుడల్లా ఇంటి బోరు నీళ్ళు చెంబుతో పోశాను. లీటరు కూలెంటు మిగుల్చుకుందామని కొత్త రేడియేటరు కొన్నాను.

కలిపి అమ్మే కూలెంటు డబ్బా ఒకటి డిక్కీలో పెట్టుకో. కలుపుకునే రకమైతే డిస్టిల్డ్ వాటరే కలుపు, ఇంట్లో ఫిల్టరు నీళ్ళు కూడా వద్దు. ఇప్పుడు ఇంటింటికీ మిషన్ భగీరథ పథకం కింద కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, తాగడానికి బోరు కంటే చాలా నయం. రేడియేటరుకు మాత్రం అవీ వద్దు. అన్నట్టు, బోరు నీళ్ళతో బండి ఎండలో కడిగితే పెయింటు మీదా అద్దం మీదా తెల్ల చుక్కలు పడి, తర్వాత ఎంత రుద్దినా పోవు. పొద్దు వాలాక నీడలో కడుగు, నీళ్ళు ఆరిపోకముందే గుడ్డతో తుడిచెయ్. అద్దం కడిగే నీళ్ళ డబ్బాలో బోరు నీళ్ళు పోస్తే సన్నటి నాజిళ్ళు పూడిపోతాయి.

రెండో శత్రువు వరి. నవ్వకు. కోతల కాలంలో సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. వడ్లు కనబడతాయి, వాటి చుట్టూ పేర్చిన రాళ్ళు రాత్రిపూట కనబడవు. ఆ నెలల్లో చీకటిపడ్డాక లోపలి రోడ్లలో యాభై దాటి పోకు. ఎండు గడ్డి మీద బండి ఆపకు. ఇంజను కింద పొగగొట్టం అంటుకునేంత వేడిగా ఉంటుంది. ఇరుసుకు చుట్టుకున్న గడ్డిని ఇంటికి రాగానే లాగేయాలి. ఆ గడ్డి వెంటే ఎలుకలు. అత్తగారి ఊళ్ళో వారం రోజులు బండి కదలకుండా పెడితే వైరింగు కొరికిపెట్టిన రోజులున్నాయి. మా మామయ్య పొగాకు కాడలు గుడ్డలో కట్టి బానెట్టులో వేలాడదీస్తాడు. అది పనిచేస్తుందో లేదో గానీ, రెండు రోజులకోసారి బండి స్టార్టు చేసి కదిలించడం మాత్రం కచ్చితంగా పనిచేస్తుంది.

దుమ్ము గురించి ఒక్క మాట. క్రషర్ల వైపు, మట్టి రోడ్ల మీద తిరిగే బండికి మాన్యువల్‌లో రాసిన గడువు పనికిరాదు. ఐదు వేలకోసారి ఎయిర్ ఫిల్టరు తీసి చూసుకో. ఏసీ ఫిల్టరు నీ చేత్తో నువ్వే మార్చుకోవచ్చు. చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు అర వెనకే ఉంటుంది, స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు.

ఇంజను ఆయిలు పది వేలకో ఏడాదికో, ఏది ముందొస్తే అది. సర్వీసు బిల్లు మీద మాత్రం నాకు పెద్ద కోపం. "ఫ్రీ సర్వీస్" అంటే ఫ్రీ అయ్యేది కూలి మాత్రమే. ఒకసారి నా బిల్లులో ఆయిలు నాలుగు లీటర్లు వేశారు. మాన్యువల్ తెరిచి చూపించాను, ఆ ఇంజనులో పట్టేదే మూడు లీటర్ల చిల్లర. మిగతా ముప్పావు లీటరు ఎక్కడ పోశారయ్యా అంటే సమాధానం లేదు, బిల్లు మార్చి ఇచ్చారు. "డీకార్బనైజింగ్", "ఏసీ ట్రీట్‌మెంట్", "అండర్ బాడీ కోటింగ్" అని పుస్తకంలో లేని పేర్లేవైనా బిల్లులో కనిపిస్తే అడుగు. బండి ఇచ్చేటప్పుడే "నన్ను అడక్కుండా ఏదీ చెయ్యొద్దు" అని జాబ్‌కార్డు మీద రాయించు. పుస్తకంలో ఉండి కూడా అందరూ మర్చిపోయేది బ్రేకు ఆయిలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్చాలి.

మార్చకపోతే ఏమవుతుందో శ్రీశైలం దారిలో తెలుస్తుంది. ఈగలపెంట దాటి డ్యాము వైపు దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు వేసి దిగేవాళ్ళ బండ్ల నుంచి మాడిన వాసన మనదాకా వస్తుంది. తేమ పీల్చిన ఆయిలు ఆ వేడికి మరిగిందంటే బ్రేకు పట్టదు. ఏ గేరులో ఎక్కుతావో అదే గేరులో దిగు, ఇంజను పట్టుకుంటుంది. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది, టైము చూసుకుని బయల్దేరు.

మన ఎండలకు టైర్లే ప్రాణం. టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గీతలు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటిన టైరును నేను హైవే ఎక్కించను. రబ్బరు గట్టిపడి పక్కల్లో వెంట్రుక సందంత పగుళ్ళు వస్తాయి. గాలి పొద్దున్నే, బండి తిరగకముందు చూపించు. అంకె డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. ఎండాకాలమని తగ్గించి కొట్టేవాళ్ళ మాట వినకు. గాలి తగ్గితే టైరు ఎక్కువ నలిగి ఇంకా వేడెక్కుతుంది, పేలేది అప్పుడే. నైట్రోజన్ గురించి అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, అది ఫ్రీ.

ముందు బంపరుకు ఇనప గార్డు పెట్టించకు. 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని ఆపమంది, పైగా ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకోవడానికి అడ్డం. ఎండ కోసమైతే బండి ఆపి ఉంచినప్పుడు మాత్రం అద్దాలకు ఊడదీసే తెరలు పెట్టుకో. నల్ల ఫిల్ము 2012లో సుప్రీంకోర్టు కాదన్నదే. సీటు కవర్లు వేయించే ముందు సీటు పక్కన ఎయిర్‌బ్యాగు అని రాసి ఉందేమో చూడు, ఉంటే దాన్ని కుట్టేసే కవరు వద్దు.

వానాకాలంలో చెరువు అలుగు పోసి రోడ్డు మీంచి పారుతుంటే అవతలివాడు దాటాడని నువ్వు దిగకు. నీళ్ళలో బండి ఆగిపోతే మళ్ళీ స్టార్టు కొట్టకు. లోపలికి పోయిన నీళ్ళను పిస్టన్ నొక్కలేక కడ్డీలు వంగిపోతాయి. అలా పోయిన ఇంజనుకు మామూలు పాలసీలో డబ్బు రావడం కష్టం. ఇంజన్ ప్రొటెక్షన్ అని వేరే ఉంటుంది, అది జోడించుకో. విడిభాగాలు పాతబడ్డాయని క్లెయిములో కోత పెట్టకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ మొదటి ఐదేళ్ళూ ఉంచు.

ఇక బ్రెజా వాళ్ళకు ఏం చెప్పాలో టెన్షన్ పడకు. తెలిసినవాళ్ళు కాబట్టి ఆదివారం ఒకసారి పోయి చూసి, అమ్మకు సీటు నచ్చలేదని చెప్పెయ్, ఎవరికీ కష్టం అనిపించదు. నాన్నగారికి మాత్రం నిజమే చెప్పు. లెక్క కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టు. ఆ రోజుల్లో పాతిక రూపాయల తేడా చూసి డీజిల్ గొప్పదన్న మనిషికి లెక్క ఎలా చూడాలో మనం నేర్పక్కర్లేదు. నెక్సాన్ ఏదైనా దొరికితే నాలుగు టైర్ల మీది అంకెలు, బ్రేకు పెడలు, బయటికి లాగిన సీటు బెల్టు ఫోటోలు తీసి పెట్టు. చూసి చెప్తా.